షింకెల్‌ని ఉద్యోగం మింగేసిందా?

(బెర్లిన్‌లో ఆల్టెస్ మ్యూజియం, అంటే పాత మ్యూజియం. ఎదురుగా పచ్చిక, ముందు పద్దెనిమిది స్తంభాల వరస. మామయ్య రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, చుట్టపుచూపుగా వచ్చారు. మేనకోడలు ఈ ఊళ్లోనే ఆర్కిటెక్ట్. దగ్గర్లోని నేషనల్ గ్యాలరీలో కార్ల్ ఫ్రెడ్రిక్ షింకెల్ వేసిన బొమ్మలు చూసి, అతనే కట్టిన ఈ మ్యూజియం మెట్ల మీద కూర్చున్నారు.)

మామయ్య: 1781లో పుట్టాడు, 1841లో పోయాడు. ఉన్నదే అరవై ఏళ్లు. అందులో ముప్ఫై ఏళ్లు ఈ బెర్లిన్‌ని ఏలిన ప్రష్యా రాజుగారి కట్టడాల శాఖలో ఫైళ్లు తిరగేశాడు. ఆ ఆకాశం వేసిన చేత్తో ఎస్టిమేట్ల మీద సంతకాలు! నాకు కడుపు తరుక్కుపోయిందమ్మాయ్.

మేనకోడలు: అతన్నెవరూ బలవంతాన కూర్చోబెట్టలేదు మామయ్యా. 1797లో, పదహారేళ్ల వయసులో, ఎగ్జిబిషన్‌లో ఫ్రెడ్రిక్ గిల్లీ అనే కుర్ర ఆర్కిటెక్ట్ డిజైన్ చూశాడు. ఫ్రెడ్రిక్ మహారాజు స్మారక మందిరం. అది చూడగానే ఆర్కిటెక్ట్ అవ్వాలనుకున్నాడు, గిల్లీ ఇంట్లోనే చేరి నేర్చుకున్నాడు. బొమ్మలతో బతకడం తర్వాతి సంగతి. 1806లో నెపోలియన్ సైన్యం బెర్లిన్‌లోకి వచ్చాక కట్టించేవాడే లేడు. పొట్ట గడవడానికి పనోరమాలు వేశాడు. 1808లో పలెర్మో నగరాన్ని గుండ్రంగా చుట్టూ వేసి, జనాన్ని మధ్యలో నిలబెట్టాడు.

మామయ్య: ఆగు. ఆ ఎగ్జిబిషన్‌లో అతను చూసిందేమిటి? గుడా? కాగితం మీద బొమ్మ! గిల్లీ దాన్ని కట్టనే లేదు, ఇరవై ఎనిమిదేళ్లకే పోయాడు. అంటే మీవాణ్ణి ఆర్కిటెక్ట్‌ని చేసింది కూడా ఒక బొమ్మే. రాసుకో.

మేనకోడలు: (నవ్వి) సరే, అది మీకే. కానీ 1810 సంగతేంటి? కాస్పర్ డేవిడ్ ఫ్రెడ్రిక్ అనే చిత్రకారుడి బొమ్మ చూశాడు. సముద్రం ఒడ్డున ఒక్క సన్యాసి, మిగతాదంతా ఆకాశం. ఇంత నా వల్ల కాదనుకుని వెనక్కి తగ్గాడని చెప్పుకుంటారు.

మామయ్య: చెప్పుకుంటారు! అంత వెనక్కి తగ్గినవాడు 1815లో ఇందాక మనం చూసిన బొమ్మ ఎలా వేశాడు? నది ఒడ్డున ఊరు, మధ్యలో పెద్ద చర్చి. నువ్వు ఫోన్ చూసుకుంటుంటే నేను దాని ముందు పావుగంట నిలబడ్డాను. గాలివాన అప్పుడే వెళ్లిపోతోంది, చర్చి మీదుగా ఇంద్రధనుస్సు. రెండు శిఖరాల్లో ఒకటి ఇంకా పూర్తవలేదు. యుద్ధం అయిపోయిన దేశానికి ఏమనిపిస్తుందో ఆ పూర్తవని శిఖరంలో ఉంది. మరి నిజంగా కడదామనుకున్న చర్చి ఏమైంది? నువ్వే చెప్పు.

మేనకోడలు: ...నెపోలియన్ మీద గెలిచినందుకు గుర్తుగా మధ్యయుగాల తరహాలో పెద్ద గోథిక్ చర్చి కట్టాలన్నాడు. ఖజానాలో డబ్బుల్లేవు. చివరికి ఒక గుట్ట మీద పోత ఇనుముతో శిఖరంలాంటి స్మారకం పెట్టి సరిపెట్టారు, 1821లో. దాని కొసన శిలువ ఉంది కాబట్టి ఆ గుట్ట క్రోయిట్స్‌బెర్గ్ అయింది. శిలువ కొండ.

మామయ్య: చర్చి అడిగితే ఇనుప కడ్డీ ఇచ్చారు. కాన్వాసు ఏనాడైనా ఇలా బేరమాడిందా?

మేనకోడలు: బేరంలోనే అతని సత్తా ఉంది. 1817లో ఇక్కడి థియేటర్ కాలిపోయింది. కొత్తది కట్టు, కానీ మిగిలిన గోడలూ స్తంభాలూ పారెయ్యకు, వాడుకో అన్నారు. మీకెవరైనా సగం గీసిన కాన్వాసు ఇచ్చి, ఆ గీతలు చెరపకుండా మిగతాది వెయ్యమంటే వేస్తారా?

మామయ్య: వాళ్ల మొహాన కొడతాను.

మేనకోడలు: అతను కట్టాడు. నాలుగేళ్లలో నాటకం ఆడించారు. ఇంగ్లండ్ వెళ్లి మాంచెస్టర్‌లో మిల్లులు చూసొచ్చి, ఆర్కిటెక్చర్ కాలేజీని ఎర్ర ఇటుకతో కట్టాడు. కింద అంతస్తులో దుకాణాలు, పైన తన కాపురం! సరే, ఇవన్నీ వదిలేయండి. లేవండి, మీకొకటి చూపించాలి.

(లోపలికి వెళ్లి, స్తంభాల వెనకున్న జంట మెట్లెక్కి పై ల్యాండింగ్ మీద ఆగారు. మామయ్య ఆయాసం తీర్చుకుని వెనక్కి తిరిగారు. స్తంభాల మధ్య నుంచి తోట, చెట్లు, కాస్త ఆకాశం, నిలువు ముక్కలుగా కనిపిస్తున్నాయి. ఒక ముక్కలో ఎవరో పిల్ల సైకిల్ తొక్కుతోంది. స్తంభం వెనక మాయమై, పక్క ముక్కలో తేలింది.)

మామయ్య: (చాలాసేపటికి) ఈ గాజు గోడ అతను పెట్టిందేనా?

మేనకోడలు: కాదు, తర్వాత పెట్టారు. అతను గాలికి తెరిచే ఉంచాడు. లోపలున్నట్టూ కాదు, బయటున్నట్టూ కాదు. ఇక్కణ్ణుంచి కనిపించే దృశ్యాన్ని తనే గీసి అచ్చేయించాడు కూడా, మనుషులు నిలబడి చూస్తున్నట్టు. పలెర్మోలో జనాన్ని బొమ్మ మధ్యలో నిలబెట్టినవాడు ఇక్కడ అదే పని రాయితో చేశాడు. ఇక ఉద్యోగం ఎవర్ని మింగింది మామయ్యా?

మామయ్య: బొమ్మ మిగులుతుంది, కట్టడం మిగలదు. నీ ఎర్ర ఇటుకల కాలేజీ ఏదీ?

మేనకోడలు: రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతింది, 1962లో కూల్చేశారు. బొమ్మలు మాత్రం మిగిలాయా? గ్రీసు వైభవం మీద 1825లో వేసిన బొమ్మ పోయింది, మనం చూసేది ఇంకొకాయన చేసిన నకలు.

మామయ్య: నకలైనా బొమ్మేగా. ఆ కాలేజీ స్థలంలో ఏం చేశారో పొద్దున నువ్వే చెప్పావు.

మేనకోడలు: (ఒప్పుకోలేక ఒప్పుకుంటూ) 2004లో స్కాఫోల్డింగ్ నిలబెట్టి, కాలేజీ గోడల బొమ్మ అచ్చేసిన గుడ్డ చుట్టారు.

మామయ్య: గుడ్డ మీద బొమ్మ! అమ్మాయ్, దాన్నే మేం కాన్వాసు అంటాం.

(సంచిలోంచి స్కెచ్ పుస్తకం, పెన్సిల్ తీశారు. ఒక కన్ను మూసి, పెన్సిల్ నిలువుగా పట్టుకుని స్తంభం ఎత్తు చూశారు. రెండు గీతలు గీసి చెరిపేశారు.)

మామయ్య: నువ్వెళ్లి కింద ఆ స్తంభం పక్కన నిలబడు. పక్కన మనిషి లేకపోతే ఇదెంత పెద్దదో తెలియట్లేదు.