ఆరు నెలల కుర్చీ

భీమవరంలో ఇంజినీరింగు చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయికి రెండు ఉద్యోగాలు ఒకేసారి వచ్చాయి. మొదటిది బెంగళూరులోని ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలో. ఏడాదిన్నర కాలంలో మూడు విభాగాల్లో ఆరేసి నెలల చొప్పున తిప్పి, ఆపైన ప్రొడక్ట్ మేనేజరుగా తీసుకునే శిక్షణ ఉద్యోగం అది. రెండవది ఊళ్లోనే, రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే పరికరాన్నీ దానికి తోడుగా ఒక ఫోను యాప్‌నూ తయారుచేసే చిన్న సంస్థలో. అక్కడ ఆమె సెలవుల్లో ఇంటర్న్‌గా పనిచేసింది, చేరిన రోజు నుంచే యాప్ బాధ్యత మొత్తం ఆమెకు అప్పగిస్తామంటున్నారు. ఏ వస్తువు ఎవరికోసం తయారుకావాలో, అందులో ఏది ముందు రావాలో తేల్చి, తన కింద పనిచేయని ఇంజినీర్లనూ డిజైనర్లనూ ఒప్పించి నడిపించడమే రెండుచోట్లా పని. బ్యాంకు మేనేజరుగా రిటైరైన మేనమామ బెంగళూరు పక్షం, ఆమె భీమవరం పక్షం. మావయ్యది జీతం మీది మమకారం కాదని ముందే చెప్పడం న్యాయం. ఈ సంవాదంలో జీతం ప్రస్తావన ఒక్కసారే వస్తుంది, అదీ ఆమె నోటే.

మావయ్య: నేను ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరినప్పుడు రెండేళ్లపాటు నన్ను ఏ సీటులోనూ స్థిరంగా కూర్చోనివ్వలేదమ్మా. కొన్నాళ్లు క్యాష్ కౌంటరు, కొన్నాళ్లు క్లియరింగు, ఆ తరువాత పంట రుణాలు. రద్దీ వేళ కౌంటరులో హడావుడిగా గిలికిన ఓచరు, సాయంత్రం వెనక బల్ల దగ్గర లెక్క కుదరక కూర్చున్నవాణ్ణి ఎంత ఏడిపిస్తుందో, ఆ వెనక బల్ల దగ్గర కూర్చున్నాకే తెలిసింది. నువ్వు చేయబోయేదంతా నీ చేతి కింద లేని మనుషుల చేత పని చేయించడమే అయినప్పుడు, వాళ్ల బల్లలు ఎలా ఉంటాయో చూడకుండా ఎలా చేయిస్తావు? టాటాలు 1956లో టాటా అడ్మినిస్ట్రేటివ్ సర్వీస్ పెట్టి కుర్రవాళ్లను కంపెనీ నుంచి కంపెనీకి తిప్పారు. హిందుస్తాన్ లీవర్ తన ట్రైనీలను ఉత్తరప్రదేశ్‌లోని ఎటా జిల్లా పల్లెల్లో కొన్ని వారాలు ఉంచింది. నారుమడిలోనే వదిలేసిన నారు దుబ్బు కట్టదు.

మేనకోడలు: నారును పీకేది ఒక్కసారే కదా, మావయ్యా. మూడుసార్లు పీకి మూడు చేలల్లో నాటితే దుబ్బు సంగతి అటుంచి వేరైనా పడుతుందా? మీ ఓచరు తప్పు సాయంత్రానికే బయటపడుతుంది. నా పనిలో తప్పు బయటపడడానికి నెలలు పడుతుంది. ఇంటర్న్‌గా ఉన్నప్పుడు నేను చూసినదే చెబుతాను. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, లీటరుకు 4 మిల్లీగ్రాముల దిగువకు వస్తే వెంటనే నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిప్పాలి. మా యాప్ అప్పుడు రైతు ఫోనుకు సందేశం పంపేది. రైతు భీమవరంలో మేడ మీద నిద్రపోతుంటాడు, చెరువు గట్టున పాకలో ఉండే కాపలా మనిషి దగ్గర మామూలు బటన్ల ఫోను ఉంటుంది. అందుకని సందేశం మాని ఆ మనిషికే ఫోను వెళ్లేలా మార్పించాం, అందరూ మెచ్చుకున్నారు. నెల తిరిగేసరికి కాపలావాళ్లు ఆ ఫోను ఎత్తడం మానేశారు. ఎందుకని గట్టు మీదికి వెళ్లి చూస్తే, సెన్సరుకు నాచు పట్టి, ఆక్సిజన్ బాగానే ఉన్న రాత్రి కూడా తక్కువ చూపిస్తోంది. టార్చి వేసుకుని పరుగెత్తుకెళ్లిన మనిషికి రొయ్య హాయిగా తిరుగుతూ కనబడితే, మరునాడు ఎందుకు లేస్తాడు? అప్పటికిగాని మా అసలు ప్రశ్న అలారం గురించి కాదనీ, సెన్సరు ఎవరు తుడవాలన్నదనీ తెలియలేదు. మేము చేసిన మార్పు మంచిదో కాదో చెరువులో రొయ్యలన్నీ పట్టే నాడు కౌంటూ, అంటే కిలోకు ఎన్ని తూగాయన్నదీ, మేత ఖర్చూ, కరెంటు బిల్లూ చూశాకే తేలుతుంది. వనామీ రొయ్య పంటకు ఇంచుమించు నాలుగు నెలలు. మొదటి పంటలో నిర్ణయం తీసుకుంటాం, రెండో పంటలో దిద్దుకుంటాం. ఆరు నెలల కుర్చీలో ఆ రెండో పంట ఎప్పుడూ ఇంకొకరిదే అవుతుంది.

మావయ్య: బాగా చూశావు. కానీ ఆ సంస్థలో నువ్వు రాసిన కాగితం చదివి, "ఇది నిలవదమ్మా, ఇందుకు నిలవదు" అని ఎర్ర సిరాతో కొట్టేసేవాడు ఎవరున్నారు? యజమాని పరికరం చేయడంలో దిట్ట కావచ్చు, నీ పని నేర్పడానికి అతనికి తీరికా లేదు, ఆ విద్యా లేదు. 2002లో గూగుల్‌లో అక్కడి అధికారిణి మరిస్సా మేయర్ ఇలాంటి శిక్షణ మొదలుపెట్టినప్పుడు, అనుభవజ్ఞుల కోసం వెతకడం కన్నా అప్పుడే చదువు ముగించినవాళ్లను దగ్గరుండి తీర్చిదిద్దడం మేలనే కదా ఆవిడ పందెం? గూగుల్ మ్యాప్స్ తయారీలో ముఖ్యుడైన బ్రెట్ టేలర్ వచ్చింది ఆ గుమ్మం గుండానే. తోడుగా అదే ఏడు చేరినవాళ్లు ఉంటారు, అడిగితే చెప్పే పెద్దలు ఉంటారు. ఒంటరిగా నేర్చినవాడికి తనకు తెలియనిది ఏమిటో కూడా తెలియదు.

మేనకోడలు: ఆ గూగుల్ పద్ధతిలో రెండేళ్లకు రెండు కుర్చీలు, ఒక్కొక్కటి ఏడాది. నాకు వచ్చినది ఫేస్‌బుక్ వాళ్ల పద్ధతి లాంటిది, ఏడాదిన్నరకు మూడు. ఆరు నెలల్లో మొదటి నెల మనుషుల పేర్లకూ పాస్‌వర్డులకూ పోతుంది, చివరి నెల అప్పగింతలకు పోతుంది. వెళ్లిపోయే మనిషని జట్టుకు ముందే తెలుసు కనుక, నడుమ మిగిలిన నాలుగు నెలలకు అంచున ఉన్న పనేదో ఇస్తారు, గుండెకాయ లాంటిది ఇవ్వరు. ఈ వృత్తికి మూలపురుషుడని అందరూ చెప్పే నీల్ మెకెల్‌రాయ్ 1931లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ అనే సబ్బుల కంపెనీలో రాసిన నోట్ సారాంశం ఏమిటి? ఒక సరుకుకు ఒక మనిషి పూర్తి బాధ్యుడు కావాలి, అమ్మకం తగ్గిన ఊరికి తానే వెళ్లి దుకాణదారుతో మాట్లాడి కారణం పట్టుకోవాలి, మందు వేశాక అది పనిచేసిందో లేదో కూడా తానే చూడాలి. చివరి మాట తీసేస్తే ఆ నోట్‌లో మిగిలేది ఏముంది?

(ఈ ప్రశ్నకు మావయ్య నేరుగా జవాబు చెప్పలేదు, పక్కకు జరిగారు. జరిగిన చోటు మాత్రం గట్టిదే.)

మావయ్య: ఆ మెకెల్‌రాయ్ ఆ కంపెనీలో 1925లో చేరాడు. ఆరేళ్లు అక్కడే నలిగి, ఒక సబ్బు ప్రకటనలు చూస్తూ అదే కంపెనీ వారి ఇంకో సబ్బుతో పోటీపడలేక విసిగి రాశాడు. చదివి అమలుచేయగల పెద్దలు పైన ఉన్నారు కనుకనే ఆ మూడు పేజీలకు విలువ వచ్చింది. ఇక సరుకు మాట చెబుతాను. 2025 ఆగస్టులో అమెరికా రొయ్యలతో సహా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఈ జిల్లాలో రైతులు ఎంత కంగారుపడ్డారో చూశావు. రైతు చెరువులో సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేయడానికే వెనకాడే ఏడాది, సెన్సరు కొంటాడా? నీకు తెలిసిన ఒకే ఒక్క కొనుగోలుదారు అతనే అయితే, ఆ ఏడాది నువ్వేం నేర్చుకుంటావు?

మేనకోడలు: డబ్బు లేనివాడు దేనికి ఖర్చు పెడతాడో, దేన్ని ముందు మానేస్తాడో నేర్చుకుంటాను. అంతకన్నా మంచి పాఠం బెంగళూరులో దొరకదు. జీతం అక్కడిదానిలో సగం కూడా రాదని నాకు తెలుసు, ఆ మాట కూడా మీరు అనండి.

మావయ్య: జీతం మాట తీసింది నువ్వు, నేను కాదు. నేననేది వరుస గురించి. చిన్న సంస్థ గుమ్మం ఎప్పుడూ తెరిచే ఉంటుంది, మూడేళ్ల తరువాత వెళ్లినా చేతులు చాచి తీసుకుంటారు. ఈ శిక్షణలు చదువు ముగిసిన కొత్తలోనే. ఆ గడువు దాటాక అదే ఉద్యోగానికి అనుభవం అడుగుతారు, అనుభవానికి ఉద్యోగం అడుగుతారు. భీమవరం నుంచి బెంగళూరుకు దారి సన్నం, బెంగళూరు నుంచి భీమవరానికి రోడ్డు వెడల్పు.

మేనకోడలు: ఇది మాత్రం నేను కొట్టిపారేయలేను. అయితే మారేది వరుస ఒక్కటే, ఆరు నెలల చిక్కు అలాగే ఉంది. ఒప్పుకునే ముందు వాళ్లకు ఒక మెయిల్ రాస్తాను. రెండో కుర్చీలో ఆరు నెలలకు బదులు ఏడాది ఉండి, మూడోది వదులుకోవచ్చా అని అడుగుతాను.

మావయ్య: ఇంకో రెండు కూడా అడుగు. విభాగాన్ని నువ్వు ఎంచుకోవచ్చా, వాళ్లే పడేస్తారా? ఏడాదిన్నర తరువాత కుర్చీ ఖాయమా, మళ్లీ లోపలే ఇంటర్వ్యూలు ఇచ్చుకుంటూ తిరగాలా? నోటిమాటగా కాదు, రాతలో కావాలని అడుగు.

మేనకోడలు: ఈ మూడింటిలో ఏది కాదన్నా ఇక్కడే చేరతాను. అవునంటే వెళ్తాను, కానీ మొదటి కుర్చీ మాత్రం వినియోగదారుల ఫిర్యాదులు అందుకునే విభాగంలో కావాలంటాను.

మావయ్య: అది అడిగితే తప్పకుండా ఇస్తారు. అక్కడికి పోతామని కోరుకునేవాళ్లు ఏ ఆఫీసులోనూ ఉండరు.