‘వెళ్లి ఉత్తరం రాస్తాం’ అన్న కేంద్ర బృందానికి...

మహారాజశ్రీ కేంద్ర బృందం గారికి,

ఉభయకుశలోపరి. మీరు ఢిల్లీలో పొడిగా ఉన్నారని, మేమిక్కడ మెల్లగా ఆరుతున్నామని మనవి.

వరదో తుపానో పోయాక నష్టం అంచనా వేయడానికి మీరు వచ్చే రోజు మా జిల్లాలో ఎంత హడావిడో మీకు తెలియదు. ముందు రోజు రాత్రికల్లా ఫొటో ఎగ్జిబిషన్ సిద్ధమవ్వాలి. కూలిన వంతెన ఫొటో పెద్దదిగా ఉండాలా, మునిగిన సబ్‌స్టేషన్ ఫొటోనా అన్న దాని మీద అధికారులు టెన్షన్ పడి చస్తారు. మీరు దిగేది కారు వెళ్లగలిగిన పొలం దగ్గరే కాబట్టి ఆ పొలమేదో కూడా ముందే ఖాయమవుతుంది. హోం శాఖ జాయింట్ సెక్రటరీ గారు ముందు, వ్యవసాయం, విద్యుత్తు, రోడ్లు, జలశక్తి, ఆర్థిక శాఖల వారు వెనక. రైతు కుళ్లిన వరి దుబ్బు పీకి చేతికిస్తాడు. ‘పెట్టుబడంతా పోయింది సార్, అప్పు తెచ్చి వేశాను’ అని ఐదు నిమిషాలు చెబుతాడు. పక్కనున్న అధికారి దాన్ని మీకు రెండు ముక్కల్లో హిందీలో చెబుతాడు. మీరు తలూపుతారు. కెమెరాలు క్లిక్కుమంటాయి. చివర్లో ఎవరో ఒకరు ‘ఎంతిస్తారు సార్?’ అని అడుగుతారు. ‘నివేదిక సమర్పిస్తాం’ అంటారు మీరు. పెళ్లిచూపుల్లో స్వీటు, హాటు తిని, కాఫీ తాగి, ‘ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం’ అన్న మగపెళ్లివారిని మా ఇళ్లల్లో చాలామందిని చూశాం. అందుకే ఆ మాట మాకు బాగా అర్థమవుతుంది.

మిమ్మల్ని ఊరికే ఆడిపోసుకోవడం లేదు. ఒకప్పుడు రాష్ట్రం ‘ఇంత పోయింది, ఇంతివ్వండి’ అని మెమొరాండం పంపేదాకా మీరు కదిలేవారు కాదు. 2019 నుంచి దాని కోసం ఆగకుండా వస్తున్నారు, సంతోషం. ఇప్పుడు మాకొచ్చిన సందేహం వేరు. అసలు మీరు ఏం చూడటానికి వస్తున్నారు?

ఎందుకంటే దేనికెంత సాయమో ఆ రేటు ముందే రాసుంది. 2022-26కి మీ హోం శాఖ ఇచ్చిన పట్టిక మా దగ్గరా ఉంది. మనిషి పోతే 4 లక్షలు. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1.20 లక్షలు. గుడిసె అయితే 8,000. పాడి గేదె 37,500, మేక 4,000, కోడి 100. నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000, అంటే ఎకరానికి ఏడు వేలు కూడా నిండవు. వర్షాధారమైతే అందులో సగం. అదీ పంట 33 శాతం, ఆ పైన పోతేనే. అదీ రెండు హెక్టార్ల వరకే. రైతు మీ ముందు ఏడ్చినా ఇంతే, నవ్వినా ఇంతే. పైగా ఇది సాయమే తప్ప నష్టపరిహారం కాదని నిబంధనల్లోనే ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం ఫొటో ఎగ్జిబిషన్ దగ్గర ఎవరూ మాకు చదివి వినిపించరు.

విజయవాడ సంగతే చూడండి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడింది. అటు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, ఇప్పటి బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ చూడలేదు. ఇళ్లల్లో రోజుల తరబడి నీళ్లు. వీధికో వంద స్కూటర్లు బురదలో. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పిల్లల సర్టిఫికెట్లు, కుట్టుమిషను, కిరాణా కొట్లో సరుకు... పట్టికలో వీటన్నిటికీ కలిపి ఉన్న గడులు రెండు. బట్టలకు 2,500, వంట సామానుకు 2,500. పట్టిక రాసినవారి ఊహలో వరదబాధితుడి దగ్గర బట్టలు, గిన్నెలు తప్ప ఇంకేమీ ఉండవు కాబోలు. స్కూటరు మీద స్విగ్గీ బ్యాగు పెట్టుకుని బతికే కుర్రాడు ఆ ఊహకు అందలేదు. చివరికి కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000 అని రాష్ట్రం ప్రకటించాల్సి వచ్చింది.

రాష్ట్రం ప్రాథమికంగా చెప్పిన నష్టం సుమారు 6,880 కోట్లు. అక్టోబర్ 1న 14 రాష్ట్రాలకు కలిపి మీవాళ్లు 5,858 కోట్లు విడుదల చేశారు. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 1,036, తెలంగాణకు 416.80. పేపర్లు ‘కేంద్రం భారీ సాయం’ అని రాశాయి. అది రాష్ట్ర విపత్తు నిధిలో కేంద్రం వాటా, దాంతో పాటు జాతీయ నిధి నుంచి అడ్వాన్సు. ఆ వాటా వాన పడ్డా పడకపోయినా, రాష్ట్రాలకు ఎంత పంచాలో తేల్చే ఆర్థిక సంఘం లెక్క ప్రకారం ఏటా మాకు రావాల్సిందే. మా డబ్బే మాకిచ్చి దండ వేయించుకోవడం మీ దగ్గరే నేర్చుకోవాలి.

మీ నివేదిక ప్రయాణం మాత్రం తీరిగ్గా సాగింది. ముందు హోం కార్యదర్శి సబ్ కమిటీ, ఆపైన హోం మంత్రి అధ్యక్షతన ఉన్నత స్థాయి కమిటీ. దసరా, దీపావళి, సంక్రాంతి అయిపోయాయి. 2025 ఫిబ్రవరి 19న ఆంధ్రప్రదేశ్‌కు 608.08 కోట్లు, మున్నేరు ముంచిన ఖమ్మం ఉన్న తెలంగాణకు 231.75 కోట్లు మంజూరయ్యాయి. అందులోనూ రాష్ట్ర నిధిలో ఉన్న నిల్వలో సగం మినహాయించుకోవాలన్న షరతు. అంటే ముందుచూపుతో నాలుగు రాళ్లు మిగుల్చుకున్న రాష్ట్రానికి అంత కోత.

మాకే ఇలా జరిగిందని కాదు. కర్ణాటక కరువుకు మీరు 2023 అక్టోబర్‌లో వెళ్లొచ్చారు. ఆ రాష్ట్రం 18,171 కోట్లు అడిగి, విసిగి, సుప్రీంకోర్టు మెట్లెక్కాక 2024 ఏప్రిల్‌లో సుమారు 3,454 కోట్లు కదిలాయి. కేరళలోని వయనాడ్‌లో 2024 జులై 30న కొండ విరిగిపడితే, 2025 ఫిబ్రవరిలో 529.50 కోట్లు వడ్డీ లేని అప్పుగా ఇచ్చి, మార్చి 31 లోపు ఖర్చు పెట్టమన్నారు. ఊరు పోయిన చోట నెలన్నరలో కొత్త ఊరు కట్టాలన్నమాట. ఈలోగా హెలికాప్టర్లతో జనాన్ని కాపాడినందుకు, పాత బాకీలతో కలిపి 132.62 కోట్ల బిల్లు కేరళకు చేరింది.

మా రాష్ట్ర ప్రభుత్వం వాళ్లు కూడా తక్కువేం కాదు లెండి. పట్టిక తాత్కాలిక మరమ్మతుకే డబ్బిస్తుందని తెలిసీ, కొత్త రోడ్డు ఖర్చంతా మెమొరాండంలో రాస్తారు. పది అడిగితే ఒకటి వస్తుందని వాళ్ల లెక్క. పదీ అబద్ధమేనని మీ లెక్క. ఎవరు గెలిచినా, నిజంగా పోయిందెంతో ఆ కాగితాల్లో ఎక్కడా మిగలదు. ‘జాతీయ విపత్తుగా ప్రకటించాలి’ అని ప్రతిసారీ తీర్మానం చేస్తారు, అలాంటి నిబంధనే లేదని ప్రతిసారీ మీరు జవాబిస్తారు. ఈ రెండు కాగితాల నకళ్లు తీసి ఉంచుకుంటే వచ్చే వరదకూ పనికొస్తాయి.

కాబట్టి మీకో చిన్న మనవి. తుపాను ఎలాగూ వస్తుంది, మీరూ వస్తారు. ఈసారి వచ్చేటప్పుడు ఆ రేట్ల పట్టిక తెలుగులో పెద్దక్షరాలతో అచ్చేయించి తెండి. మునిగిన ఇళ్ల ఫొటోల పక్కనే దాన్నీ కడతాం. కోడికి 100 అని చూశాక, ‘ఎంతిస్తారు సార్?’ అని మిమ్మల్నెవరూ అడగరు.

ఇట్లు,
మీ నివేదికలో ‘ప్రభావిత జనాభా’ అనే గడిలో ఉన్నవాళ్లం