కణితి పోయింది సరే, జ్ఞాపకశక్తి మాటేమిటి?

మెదడుకు రేడియేషన్ చేయించుకున్నవాళ్ల ఇళ్లలో ఏడాదికో రెండేళ్లకో ఒక మాట తరచూ వినిపిస్తుంది: ‘మనిషి బాగానే ఉన్నాడు, కానీ ఏదో తేడా కొడుతోంది.’ స్కాన్‌లో కణితి లేదు. నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, పాత సంగతులు పూసగుచ్చినట్టు చెబుతున్నాడు. పొద్దున చెప్పిన పని మాత్రం మధ్యాహ్నానికి గుర్తుండదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే తికమకపడతాడు. ఇంట్లోవాళ్లు దాన్ని వయసు మీదకో, టెన్షన్ మీదకో, మందుల మీదకో నెట్టేస్తారు. ఆస్పత్రిలోనూ చాలాసార్లు జరిగేది అదే. ఫాలో-అప్ అంటే అక్కడ ఎంఆర్ఐ తీసి కణితి పెరిగిందా లేదా చూడటం. జ్ఞాపకశక్తిని కొలిచే ఏర్పాటు చాలా చోట్ల ఉండదు.

నా పేచీ రేడియేషన్‌తో కాదు. అది లేకుండా చికిత్స ముందుకు సాగని మెదడు కణితులు బోలెడున్నాయి. పేచీ అంతా కొలతతోనే. దశాబ్దాల పాటు ఈ చికిత్స గెలిచిందో ఓడిందో రెండే ప్రశ్నలతో తేల్చారు: కణితి అదుపులో ఉందా, మనిషి ఎన్నాళ్లు బతికాడు? బుర్ర ఎలా పనిచేస్తోంది అన్న మూడో ప్రశ్న వేయడం మొదలుపెట్టాక పాత తీర్పులు కొన్ని తారుమారయ్యాయి.

మెదడుకు పాకిన క్యాన్సర్ సంగతే చూడండి. ఒకటి నుంచి మూడు గడ్డలున్న పేషెంట్లకు ఆ గడ్డల మీదే గురిపెట్టి రేడియోసర్జరీ (కోత లేకుండా కిరణాలతోనే చేసే చికిత్స) చేసి, దానిపైన మెదడు మొత్తానికీ రేడియేషన్ ఇవ్వడం ఒకప్పుడు మామూలు. స్కాన్‌కు అందని క్యాన్సర్ కణాలు ఎక్కడున్నా చస్తాయన్నది లెక్క. ఆ లెక్క తప్పలేదు కూడా, మెదడులో కొత్త గడ్డలు నిజంగానే తగ్గాయి. అయితే 2009లో అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ 58 మందితో చేసిన ట్రయల్ వివరాలు వెలువడ్డాయి. నేర్చుకునే, గుర్తుంచుకునే శక్తి నాలుగో నెలకల్లా దెబ్బతినే అవకాశం మెదడంతా రేడియేషన్ తీసుకున్నవారిలో 52 శాతం, గడ్డలకు మాత్రమే తీసుకున్నవారిలో 24 శాతం. ఈ తేడా చూశాక ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. 2016లో 213 మందితో వచ్చిన మరో ట్రయల్‌లోనూ మూడు నెలలకు మానసిక సామర్థ్యం తగ్గినవాళ్లు మొదటి వర్గంలో 91.7 శాతం, రెండో వర్గంలో 63.5 శాతం. బతికిన కాలంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏడాదికి పైగా బతికినవాళ్లను విడిగా తీసి 12వ నెలలో పరీక్షిస్తే, మెదడంతా రేడియేషన్ తీసుకున్న 18 మందిలో 17 మందికి సామర్థ్యం తగ్గి ఉంది. రెండో వర్గంలో 10 మందిలో ఆరుగురికి. ఈ చివరి సంఖ్యలు చాలా చిన్నవి. కానీ అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి.

ఆ 63.5 శాతాన్నీ దాటేసి పోకూడదు. మెదడంతా రేడియేషన్ తీసుకోనివాళ్లలోనూ సగం మందికి పైగా ఎందుకు దెబ్బతిన్నారు? జబ్బే ఒక కారణం. స్టెరాయిడ్లు, ఫిట్స్ మందులు, కీమో, నిద్రలేమి, దిగులు, ఇలా తలా ఒక చెయ్యి వేస్తాయి. కాబట్టి మతిమరుపు కనిపించగానే రేడియేషన్‌ను దోషిగా నిలబెట్టడం కూడా తొందరపాటే. చికిత్సకు ముందు తీసుకున్న కొలత ఉంటేనే ఎవరి వాటా ఎంతో కొంతైనా తెలుస్తుంది.

ఆ కొలతకు ఖరీదైన యంత్రం ఏదీ అక్కర్లేదు. ఈ ట్రయల్స్‌లో వాడిన హాప్కిన్స్ మాటల పరీక్షలో 12 మాటలు చదివి వినిపిస్తారు. విన్నవాళ్లు గుర్తున్నన్ని తిరిగి చెప్పాలి. అదే జాబితాతో ఇంకో రెండుసార్లు. తర్వాత వేరే పని అప్పజెప్పి, 20-25 నిమిషాలయ్యాక ఆ మాటలే మళ్లీ అడుగుతారు, ఈసారి చదవకుండా. అసలు గుట్టు ఈ చివరి అంకంలోనే బయటపడుతుంది. అప్పటికప్పుడు ఎనిమిదో తొమ్మిదో చెప్పగలిగినవాళ్లు అరగంట తిరక్కుండానే రెండు మూడు దగ్గర ఆగిపోవచ్చు. ఈ రోజు ఏ తేదీ, ఇప్పుడు ఎక్కడున్నారు అని అడిగే మామూలు పరీక్షలో ఇదే మనిషి సులువుగా పాసైపోతాడు. డాక్టర్ గదిలో ఐదు నిమిషాల కబుర్లలో అయితే మరీ సులువు.

దెబ్బ ఇంత ఆలస్యంగా ఎందుకు తెలుస్తుంది? రేడియేషన్ మొదట దెబ్బకొట్టేది విభజన చెందే కణాలను. ఆలోచించే పని చేసే న్యూరాన్లు దాదాపుగా విభజన చెందవు, అందుకే వెంటనే పెద్దగా ఏమీ కనిపించదు. కానీ వాటికి రక్తం అందించే సన్నని నాళాల లోపలి పొర, నరాల తంతువులకు మైలిన్ తొడుగు వేసే కణాలు, కొత్త జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లోని మూలకణాలు మెల్లగా దెబ్బతింటూ వస్తాయి. వాపు లోలోపల కొనసాగుతుంది. చికిత్స రోజుల్లో వచ్చే వాంతులు, నీరసం వేరు. ఒకటి నుంచి ఆరు నెలల మధ్య వచ్చే నిద్రమత్తు వేరు, అది చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. ఆరు నెలలు దాటాక, ఒక్కోసారి ఏళ్లు గడిచాక మొదలయ్యేది మాత్రం చాలావరకు వెనక్కి పోదు.

ఎన్నేళ్లు చూడాలి అన్నదానికి నెదర్లాండ్స్‌లో మెల్లగా పెరిగే గ్లయోమా అనే మెదడు కణితి ఉన్నవారిపై జరిగిన అధ్యయనాన్ని మించిన జవాబు నాకు కనపడలేదు. సగటున ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2002లో చెప్పిందేమిటంటే, ఒక్కో సిట్టింగ్‌లో 2 గ్రే (రేడియేషన్ డోసును కొలిచే యూనిట్) దాటి డోసు తీసుకున్నవారికే రేడియేషన్ వల్ల జ్ఞాపకశక్తి నష్టం ఎక్కువ, మిగతావాళ్లలో చాలావరకు కణితిదే బాధ్యత. ఊరటనిచ్చే మాటే. అదే బృందంలో మిగిలిన 65 మందిని సగటున 12 ఏళ్లకు మళ్లీ పరీక్షించారు. 2009లో వచ్చిన ఫలితం వేరుగా ఉంది. రేడియేషన్ తీసుకోనివారు నిలకడగా ఉన్నారు. తీసుకున్నవారిలో, 2 గ్రే దాటనివారిలో సైతం, ఏకాగ్రత సన్నగిల్లింది. ఆరో ఏట ఆగిపోయి ఉంటే 2 గ్రే లోపు డోసుకు భయం లేదన్న మాటే ఖాయమైపోయేది.

ఒక్కో సిట్టింగ్‌లో ఇచ్చే డోసు పెద్దదైతే ఏమవుతుందో 1989లోనే తెలిసింది. మెదడుకు పాకిన క్యాన్సర్ పూర్తిగా నయమైన 12 మందికి తర్వాత క్రమంగా ముదిరే మతిమరుపు, నడకలో తూలడం, మూత్రం అదుపు తప్పడం మొదలయ్యాయి. వాళ్లకు ఒక్కో సిట్టింగ్‌లో 3 నుంచి 6 గ్రే వరకు ఇచ్చారు. అందరూ జబ్బు నుంచి గట్టెక్కినవాళ్లే. బతికారు కాబట్టే నష్టం కనిపించింది. చికిత్సలు మెరుగై ఎక్కువమంది ఎక్కువకాలం బతుకుతున్న ఇప్పుడు ఈ లెక్క ఇంకా పెద్దదవుతుంది.

ఇక నెక్రోసిస్, అంటే రేడియేషన్ పడిన చోట మెదడు కణజాలం చచ్చిపోవడం. ఇక్కడ స్కాన్‌ను కూడా గుడ్డిగా నమ్మలేం. ఎంఆర్ఐలో నెక్రోసిస్ అచ్చం తిరగబెట్టిన కణితిలాగే మెరుస్తుంది. వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్ గ్లయోబ్లాస్టోమాకు రేడియేషన్‌తో పాటు టెమోజోలమైడ్ అనే కీమో మందు ఇచ్చాక మొదటి మూడు నెలల్లో కణితి పెరిగినట్టు కనిపించి, చికిత్స మార్చకుండానే తగ్గిపోయే సందర్భాలూ ఉన్నాయి. కంగారుపడి పనిచేస్తున్న మందు ఆపేస్తే నష్టపోయేది పేషెంటే. రక్తప్రసరణను చూపే పెర్ఫ్యూజన్ ఎంఆర్ఐ, పెట్ స్కాన్ కొంత సాయపడతాయి, ఒక్కోసారి బయాప్సీ తప్పదు. అది నెక్రోసిస్ అని తేలితే స్టెరాయిడ్లు, వాటికి లొంగకపోతే రక్తనాళాల మీద పనిచేసే బెవాసిజుమాబ్ అనే మందు. 2011లో ఈ మందు మీద వచ్చిన ట్రయల్‌లో ఉన్నది 14 మందే అయినా, మందు పడిన వారందరిలో వాపు తగ్గింది.

జాగ్రత్తలకు దారులు లేకపోలేదు. మెదడంతా రేడియేషన్ ఇవ్వక తప్పని చోట కిరణాలు హిప్పోకాంపస్‌ను వీలైనంత తప్పించుకుని వెళ్లేలా ప్లాన్ చేయొచ్చు. జ్ఞాపకశక్తిని కాపాడేందుకు మెమాంటిన్ అనే మందు అందరికీ ఇచ్చి, ఈ పద్ధతిని కొందరికి మాత్రమే వాడి 518 మందితో చేసిన ట్రయల్ ఫలితం 2020లో వచ్చింది: మానసిక సామర్థ్యం దెబ్బతినే ముప్పు 26 శాతం తగ్గింది, బతికే కాలం తగ్గలేదు. ప్లానింగ్‌కు కాస్త ఎక్కువ సమయం పడుతుంది. ఆ సమయం లేదనే సాకు మాత్రం నాకు నచ్చదు. కొందరికైతే అసలు ఈ రేడియేషనే అవసరమా అని కూడా అడగాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకి, ఆపరేషన్‌కూ రేడియోసర్జరీకీ వీల్లేని 538 మందితో చేసిన క్వార్ట్జ్ ట్రయల్ 2016లో వచ్చింది. మెదడంతా రేడియేషన్ ఇచ్చినవారు సగటు లెక్కలో 9.2 వారాలు, స్టెరాయిడ్లూ ఉపశమన చికిత్సా మాత్రమే తీసుకున్నవారు 8.5 వారాలు బతికారు.

పిల్లల విషయంలో వైద్యం ఈ పాఠాన్ని త్వరగానే వంటబట్టించుకుంది. ఒకప్పుడు రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు అది మెదడుకు పాకకుండా ముందుజాగ్రత్తగా తలకు 24 గ్రే ఇచ్చేవారు. ప్రాణాలు నిలబడ్డాయి. తర్వాత చదువులో వెనకబడటం, ఎత్తు పెరగకపోవడం, హార్మోన్ల లోపాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఎంత చిన్న వయసులో ఇస్తే నష్టం అంత ఎక్కువని తెలిసింది. డోసు 18కి దించారు, ఆ తర్వాత చాలామందికి మానేశారు. 2009లో సెయింట్ జూడ్ ఆస్పత్రి ముందుజాగ్రత్త రేడియేషన్ లేకుండా 498 మంది పిల్లలకు చికిత్స చేసిన వివరాలు వెల్లడించింది. ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు 93.5 శాతం. పిల్లవాడి ముందు 70 ఏళ్ల జీవితం ఉంటుంది కాబట్టి లెక్క త్వరగా అర్థమైంది. పెద్దవాళ్ల దగ్గరకొచ్చేసరికి ‘ప్రాణం దక్కింది కదా’ అన్న మాట దగ్గరే ఆగిపోతున్నాం.

పెద్ద డోసులకే భయపడాలనుకునేవాళ్లకు ఇజ్రాయెల్ ఉదంతం చాలు. 1948-60 మధ్య అక్కడ తలలో తామర వచ్చిన పిల్లలకు ఎక్స్‌రేలతో చికిత్స చేశారు. మెదడుకు చేరింది సగటున 1.5 గ్రే. 10,834 మందిని వెంటాడి పరిశీలించి 1988లో తేల్చిందేమిటంటే, వాళ్లలో మెనింజియోమా (మెదడును కప్పే పొరల్లో పుట్టే) కణితుల ముప్పు దాదాపు తొమ్మిదిన్నర రెట్లు. అవి బయటపడింది దశాబ్దాల తర్వాత.

అందుకే రేడియేషన్ మొదలయ్యే ముందే ఆ 12 మాటల పరీక్షో, అలాంటిదే ఇంకోటో చేయమని అడగండి. ఏడాదికోసారి మళ్లీ చేయించండి. చికిత్స ముగిసిన రోజు తల్లోని ఏ భాగానికి, మొత్తం ఎన్ని గ్రే, ఎన్ని సిట్టింగుల్లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఇచ్చారో రాయించుకోండి. పదేళ్ల తర్వాత స్కాన్‌లో మచ్చ కనిపిస్తే అది నెక్రోసిసా, పాత కణితా, రేడియేషన్ వల్ల పుట్టిన కొత్తదా అని తేల్చాల్సిన డాక్టర్‌కు మొదట కావాల్సింది ఆ వివరాలే. రేడియేషన్ ఇచ్చిన డాక్టర్ అప్పటికి అక్కడ ఉండకపోవచ్చు.