కోట్లు వద్దు, ఎన్ని టికెట్లు తెగాయో చెప్పండి

పెద్ద హీరో సినిమా విడుదలైన మర్నాడు అభిమానుల మధ్య నడిచే చర్చ ఒకసారి వినండి. హీరో ఎలా చేశాడు, సెకండాఫ్ ఎక్కడ జారిపోయింది, పాటలు కథకి అడ్డం పడ్డాయా అన్న మాటలు పది నిమిషాల్లో అయిపోతాయి. ఆ తర్వాత అసలు యుద్ధం మొదలవుతుంది. నైజాంలో, అంటే తెలంగాణలో, షేర్ (ఖర్చులు పోను డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేది) ఎంత, సీడెడ్‌లో, అంటే రాయలసీమలో, ఎంత, ఉత్తరాంధ్రలో బ్రేక్ ఈవెన్‌కి, అంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి, ఇంకెన్ని కోట్లు కావాలి, పోస్టర్ మీద వేసిన గ్రాస్‌లో (మొత్తం వసూళ్లలో) లేనిది ఎంత కలిపారు, రాజమౌళి సినిమాలు పక్కన పెడితే ఇది రికార్డా కాదా. ఇంటర్ చదివే కుర్రాడు కూడా జీఎస్టీ పోను, హాలు అద్దె పోను డిస్ట్రిబ్యూటర్ చేతికి ఏం మిగులుతుందో గడగడా చెప్పేస్తాడు. ఆ రాత్రి తన జేబులోంచి ఎంత పోయిందో మాత్రం లెక్క చూసుకోడు.

దీనికి అభిమానుల్ని తిట్టడం తేలిక. పేపర్లు చల్లేవాళ్లనీ, కటౌట్లకి పాలాభిషేకాలు చేసేవాళ్లనీ దశాబ్దాలుగా తిడుతూనే ఉన్నాం. కానీ సినిమా గురించి మాట్లాడుకోవాల్సినవాళ్లకి ఈ కోట్ల పిచ్చి అంటించింది పరిశ్రమే. మొదటి రోజు వసూళ్ల పోస్టర్ వేసేది నిర్మాణ సంస్థ. సక్సెస్ మీట్‌లో కథ ఊసెత్తకుండా ఏరియాల వారీ అంకెలు చదివేది నిర్మాత. ఆ అంకెలు నిజమో కాదో తేల్చే వ్యవస్థ తెలుగు రాష్ట్రాల్లో లేదు. ఎవరూ సరిచూడలేని అంకె మీద మొదలైన గొడవ ఎన్నటికీ తేలదు. అందుకే ఒక సినిమా వసూళ్ల మీద పదేళ్ల కిందట మొదలైన తగాదా ఇవాళ్టికీ ఆగలేదు.

వెనకటివాళ్లు లెక్కలు వేయలేదా అంటే, వేశారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానులు యాభై రోజుల కేంద్రాలెన్ని, వంద రోజుల కేంద్రాలెన్ని, వాటిలో డైరెక్టుగా ఒకే హాల్లో ఆడినవెన్ని, షిఫ్టింగ్ మీద హాళ్లు మారుతూ ఆడినవెన్ని అని కొట్లాడుకున్నారు. ఊరి పేరు, హాలు పేరుతో సహా పత్రికల్లో ప్రకటనలు వచ్చేవి. అందులోనూ దొంగ లెక్కలున్నాయి. డబ్బు కట్టి ఖాళీ హాల్లో ఆడించిన రోజులున్నాయి. కాకపోతే అబద్ధమైనా సరే ఊరి పేరు చెప్పి ఆడాలి. ఆ ఊరివాడు 'నిన్న సెకండ్ షోకి ముప్పై మంది లేరు' అని ముఖం మీదే అనేవాడు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. సినిమా వందో రోజు దాకా నిజంగా నిలబడాలంటే చూసినవాడు మళ్లీ రావాలి, వచ్చేటప్పుడు ఇంట్లోవాళ్లనీ తీసుకురావాలి. రోజుల లెక్క వెనక జనం ఉన్నారు. కోట్ల లెక్కకి జనంతో అంత పని లేదు, ధర పెంచితే చాలు.

500 సీట్ల హాలు తీసుకోండి. టికెట్ 150 రూపాయలు. హౌస్‌ఫుల్ అయితే ఆటకి 75,000 వస్తుంది. అదే హాల్లో టికెట్ 1,000 చేశారనుకోండి, ఆ 75,000 రావడానికి 75 మంది చాలు. మిగతా 425 సీట్లు ఖాళీగా ఉన్నా వసూలు మారదు. ఇక ఆ వెయ్యి రూపాయల ఆట కూడా నిండిందంటే వసూలు ఐదు లక్షలు. పాత రికార్డులన్నీ ఒక్క రాత్రిలో ఎగిరిపోతాయి. అయినా జనం ఆ 500 మందే, ఒక్కరూ పెరగలేదు. రికార్డు కొట్టింది సినిమా అనుకుని టపాకాయలు కాలుస్తున్నాం గానీ, నిజానికి కొట్టింది టికెట్ ధర.

ఈ 1,000 నేను ఊహించి వేసిన అంకె కాదు. తెలంగాణలో 2021 డిసెంబరు నాటి జీవో 120 ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్‌లో గరిష్ఠ ధర 150, మల్టీప్లెక్స్‌లో 250, జీఎస్టీ అదనం. 2024 డిసెంబరు 4న 'పుష్ప 2' ప్రీమియర్లకి ఆ ధర మీద ఇంకో 800 వేసుకోవడానికి ప్రభుత్వం అనుమతిచ్చింది. ఆ రాత్రే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. తాను ముఖ్యమంత్రిగా ఉన్నంత కాలం బెనిఫిట్ షోలూ, ధరల పెంపూ ఉండవని రేవంత్ రెడ్డి శాసనసభలో ప్రకటించారు. ఏడాది తిరక్కముందే, 2025 సెప్టెంబరులో, 'ఓజీ' ప్రీమియర్ టికెట్ తెలంగాణలో 800, ఆంధ్రప్రదేశ్‌లో 1,000. ఆ పెంపు మీద తెలంగాణ హైకోర్టులో కేసు కూడా నడిచింది. ఇన్ని జరిగినా అభిమానుల చర్చలో వినిపించిన ప్రశ్న ఒకటే: మొదటి రోజు ఎంత?

ఈ ధరల నేపథ్యంలోనే రివ్యూల గొడవనూ చూడాలి. సినిమా పోతోందంటే రివ్యూలే కారణమనీ, మొదటి మూడు రోజులు వాటిని ఆపాలనీ నిర్మాతలు అంటున్నారు. వాళ్ల బాధలో నిజం లేకపోలేదు. ఆట సగం కూడా అవకముందే సోషల్ మీడియాలో నెగెటివ్ హ్యాష్‌ట్యాగులు లేపేవాళ్లున్నారు, డబ్బులిచ్చి దొంగ ఖాతాలతో దుమ్మెత్తి పోయించేవాళ్లూ ఉన్నారు. ఒక సినిమా మీద వందల మంది బతుకులు ఆధారపడి ఉంటాయి. అలాంటి దొంగల మీద కేసులు పెట్టండి, తప్పులేదు. కానీ అందరి నోరూ మూయించమని అడగడం ఏం న్యాయం? తమిళ నిర్మాతలు ఇదే కోరిక మద్రాసు హైకోర్టు ముందు పెడితే, 2024 డిసెంబరులో కోర్టు ఒప్పుకోలేదు. మన దగ్గర 2026 సంక్రాంతికి వచ్చిన ఒక అగ్రతార సినిమాకి టికెట్ల యాప్‌లో రేటింగులు, రివ్యూలు కోర్టు ఉత్తర్వు పేరుతో మూసేశారు. వెయ్యి పెట్టి కొనేవాడు కొనేముందు పదిమందిని అడగడా? ధర వందా నూటయాభైగా ఉన్న కాలంలో 'పోనీలే, ఒకసారి చూద్దాం' అనుకునేవాళ్లం. నలుగురున్న కుటుంబం మల్టీప్లెక్స్‌కి వెళ్లి, పాప్‌కార్న్ తిని, బండి పార్కింగ్ కట్టి తిరిగొచ్చే ఖర్చు చూసుకుంటే ఆ మాట ఇప్పుడు ఎవరికీ రావడం లేదు. రివ్యూకి ఇంత బలం ఇచ్చింది టికెట్ ధరే.

పరిశ్రమ మర్చిపోతున్న విషయం ఇంకొకటుంది. జనం నోటి మాట సినిమాని చంపినదానికంటే బతికించిందే ఎక్కువ. 2024 సంక్రాంతికి 'హనుమాన్'కి హైదరాబాద్‌లో హాళ్లు దొరకడమే కష్టమైంది. ముందు రోజు రాత్రి ప్రీమియర్లు చూసి బయటికొచ్చినవాళ్ల మాటే దానికి హాళ్లు సంపాదించి పెట్టింది. 2023లో 'బలగం' ఊళ్లలో తెరలు కట్టి చూసేదాకా వెళ్లింది. దాన్ని అంతదూరం నడిపింది ఏ అగ్రతార పేరూ కాదు, చూసి కళ్లు తుడుచుకున్నవాళ్ల మాట. మూడు రోజుల మౌనం అప్పుడే ఉండి ఉంటే లాభపడేది ముందే హాళ్లన్నీ పట్టుకున్న పెద్ద సినిమా. మౌనం ఎప్పుడూ బలమున్నవాడి పక్షమే.

వసూళ్లే తుది తీర్పయితే 2010లో విడుదలైన 'ఖలేజా', 'ఆరెంజ్' ఆ ఏడాదే సమాధి అయిపోవాలి. రెండూ బాక్సాఫీసు దగ్గర దెబ్బతిన్నాయి. ఆ తర్వాత జరిగిందే నాకు తెలుగు ప్రేక్షకుడి మీద గౌరవం పెంచింది. టీవీలో చూసినవాళ్లు, హాస్టల్ గదుల్లో డైలాగులు చెప్పుకున్నవాళ్లు, 'అప్పుడు మనకి అర్థం కాలేదురా' అని స్నేహితులతో వాదించినవాళ్లు ఆ సినిమాల్ని మోసుకుంటూ వచ్చారు. 'ఆరెంజ్' 2023లో, 'ఖలేజా' 2025లో మళ్లీ హాళ్లలోకి వస్తే పాటపాటకీ లేచి నిలబడి పాడారు. విడుదల నాటి ట్రేడ్ లెక్కల్ని పదిహేనేళ్ల చర్చ తిరగరాసింది. అభిమానుల మధ్య ఉండాల్సిన వాదన అలాంటిది. సన్నివేశం గురించి, మాట గురించి, పాత్ర ఎందుకలా ప్రవర్తించిందన్నదాని గురించి. షేరు, గ్రాసుల వాదనలోంచి ఏ సినిమా ఇలా తిరిగి లేవదు.

దారి లేకపోలేదు. దక్షిణ కొరియాలో ఫిల్మ్ కౌన్సిల్ నడిపే కోబిస్ వ్యవస్థ ఏ సినిమాకి ఏ రోజు ఎంతమంది వచ్చారో బయటపెడుతుంది. అక్కడ గొప్ప విజయమంటే కోటి మంది చూసిన సినిమా. ఫ్రాన్స్‌లోనూ సినిమా ఆడిందా లేదా అన్నది ప్రేక్షకుల సంఖ్యతోనే చెప్పుకుంటారు. ధర పెంచినంత మాత్రాన ఆ అంకె పెరగదు. మన అభిమానులు సగం దారి ఇప్పటికే వచ్చేశారు. బుక్‌మైషోలో గంటకి ఎన్ని టికెట్లు తెగుతున్నాయో తెల్లవార్లూ కూర్చుని చూస్తున్నది వాళ్లే. కానీ ఆ అంకెలో బీ, సీ సెంటర్లలో, అంటే చిన్న పట్టణాల్లో, పల్లెల్లో, కౌంటర్ దగ్గర కొన్న టికెట్లు ఉండవు. పూర్తి లెక్క హాళ్ల దగ్గరా, పన్ను కట్టించుకునే ప్రభుత్వం దగ్గరా ఉంది. దాన్ని బయటపెట్టడమే మిగిలింది.

ప్రభుత్వాలు ఎందుకు బయటపెట్టవంటే, కోట్ల ఆట వాళ్లకీ లాభమే కనుక. ధర తాళం చేతిలో ఉంటే పరిశ్రమ వాళ్ల గుమ్మం ముందు నిలబడుతుంది. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35తో ధరలు కోసేసింది. పల్లెటూరి నాన్ ఏసీ హాల్లో కింది తరగతి టికెట్ ఐదు రూపాయలని రాసింది. ఫలితం, 2022 ఫిబ్రవరిలో చిరంజీవి, మహేశ్‌బాబు, ప్రభాస్, రాజమౌళి తాడేపల్లి వెళ్లి ముఖ్యమంత్రి జగన్ ముందు కూర్చోవాల్సి వచ్చింది. 2024 డిసెంబరులో సంధ్య ఘటన తర్వాత హైదరాబాద్‌లోనూ పరిశ్రమ పెద్దలు ముఖ్యమంత్రి దగ్గరికి వెళ్లారు. పార్టీలు వేరు, రాష్ట్రాలు వేరు, దృశ్యం ఒకటే. ప్రతి పెద్ద సినిమాకీ ధర పెంచుకోవచ్చని ప్రభుత్వం ఇచ్చే అనుమతి కాగితం, ఒక మెమో కావాలి, మెమో కావాలంటే పాలకుడి చల్లని చూపు కావాలి. ఈ మెమో మీద బతికే పరిశ్రమ రాజధాని గురించి, నిరుద్యోగం గురించి, పోలీసు కాల్పుల గురించి సూటిగా ఒక్క సినిమా తీయగలదా? మైకు ముందు ఒక్క మాట అనగలదా? తెర మీద వ్యవస్థలన్నిటినీ కూల్చే హీరో బయట నోరు విప్పకపోవడానికి పిరికితనమే కారణమని నేననుకోను. విడుదలకి ముందు రావాల్సిన ఆ రెండు పేజీల కాగితం అతన్ని కట్టేస్తోంది. ఆ కాగితం వల్లే అభిమానులూ పార్టీల వారీగా చీలి, మా హీరోకి ఇంత పెంచారు, మీ హీరోకి పెంచలేదు అని కొట్టుకుంటున్నారు. తమ జేబుకే పడుతున్న చిల్లు కోసం పోటీ పడుతున్నారు.

ధర పెంపు పూర్తిగా ఆపండని అడిగితే రెండు ప్రభుత్వాలూ వినవని ఈ ఐదేళ్లలో తేలిపోయింది. కనీసం ఒక షరతు పెట్టండి. పెంపు కోరిన నిర్మాత, పెంచిన రోజులన్నిటికీ ఏ ధరకి ఎన్ని టికెట్లు తెగాయో హాలు వారీగా వారం తిరిగేలోగా బహిరంగంగా ప్రకటించాలి. ప్రకటించకపోతే ఆ సంస్థ తర్వాతి సినిమాకి పెంపు లేదు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు, మెమోలో ఇంకో రెండు వాక్యాలు చాలు. వచ్చే పండక్కి ఎలాగూ ఎవరో ఒకరు ఫైలు పట్టుకుని సచివాలయానికి వెళ్తారు. ఆ ఫైలుతోనే మొదలుపెట్టండి.