జీఆర్‌ఈ స్కోర్లు ‘అన్నీ పంపెయ్యాల్సిందే’నా?

విదేశాల్లో పీజీ ప్రవేశాల కోసం జీఆర్‌ఈ పరీక్ష రాసేవాళ్ల మధ్య ఒక సలహా ఏళ్ల తరబడి తిరుగుతోంది. ‘‘ఎన్నిసార్లు రాశారో యూనివర్సిటీకి ఎలాగూ తెలిసిపోతుంది, కాబట్టి అన్ని స్కోర్లూ పంపెయ్యండి. క్వాంట్ (లెక్కలు), వెర్బల్ (ఇంగ్లిష్) కలిపి మొత్తం 320 దాటదనిపిస్తే సెంటర్‌లోనే స్కోరు క్యాన్సిల్ చేసుకోండి. ఒకసారి క్వాంట్, ఇంకోసారి వెర్బల్ బాగా వస్తే రెండూ కలిపి ఒకే స్కోరుగా పంపొచ్చు. స్కోరు తప్పనిసరి కాదన్న చోట కూడా పంపకపోతే అనుమానిస్తారు.’’ ఈ నాలుగు మాటల్లో ఒక్కటీ నిలవదు.

‘ఎలాగూ తెలిసిపోతుంది’ అన్నది ఒకప్పుడు నిజమే. జీఆర్‌ఈ నిర్వహించే సంస్థ ఈటీఎస్, ఏ స్కోరు పంపాలో మనమే ఎంచుకునే ‘స్కోర్‌సెలెక్ట్’ పద్ధతిని 2012 జులైలో తెచ్చింది. అంతకుముందు అయిదేళ్లలోపు స్కోర్లన్నీ కలిసే వెళ్లేవి. ఇప్పుడు మీరు ఎంచుకున్న తేదీ స్కోరే రిపోర్టులో ఉంటుంది. మిగతావి ఉన్నాయన్న సూచన కూడా అందులో కనిపించదు. పరీక్ష రోజు ఉచితంగా పంపే నాలుగు రిపోర్టులకు మాత్రం ‘తాజాది’ లేదా ‘అన్నీ’ అనే రెండే దారులు. పాత తేదీల్లోంచి నచ్చినది ఏరుకోవాలంటే తర్వాత డబ్బు కట్టి పంపాలి. ఇక్కడొక మినహాయింపు ఉంది. దరఖాస్తులోనే ‘రాసిన అన్ని స్కోర్లూ చెప్పండి’ అని అడిగితే నిజం రాయాల్సిందే. స్కోర్‌సెలెక్ట్ ఉంది కదా అని అబద్ధం చెప్పడానికి లేదు. అమెరికా లా కాలేజీల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ దారి వేరు: అందులో స్కోర్లు ఏరుకునే వీలే లేదు. బహుశా ఒక పరీక్ష భయం ఇంకో పరీక్షకు అంటుకుని ఉంటుంది.

ఈ సలహాలో నాకు ఎక్కువ కోపం తెప్పించేది క్యాన్సిల్ చేసుకోమన్న మాట. పరీక్ష అయ్యాక కంప్యూటర్ ముందుగా అడిగేది స్కోరు ఉంచాలా, రద్దు చెయ్యాలా అనే. అప్పటికి మీకు ఒక్క అంకె కూడా కనిపించదు. ఉంచమంటేనే అనధికారిక వెర్బల్, క్వాంట్ స్కోర్లు తెరమీదికి వస్తాయి. అంటే రద్దు చేసేవాళ్లు చూడని స్కోరుకు భయపడి చేస్తున్నారన్నమాట. పోనీ రద్దు చేస్తే ఆ ప్రయత్నం లెక్కలోంచి పోతుందా? పోదు. ఏ 12 నెలల్లోనైనా అయిదుసార్లే రాయాలన్న పరిమితిలో అదీ ఒకటే. మళ్లీ రాయడానికి 21 రోజుల విరామమూ తప్పదు. నచ్చని స్కోరును పంపకుండా ఉంచుకునే వీలుండగా రద్దు చేసుకోవడం కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

ఆ 320 ఎక్కడిదో కూడా చూద్దాం. ఏ తరగతి గదిలోనో చెప్పడానికి సులువుగా ఉందని ఎవరో అనేసిన అంకె అయ్యుంటుంది. వెర్బల్, క్వాంట్ వేర్వేరు నైపుణ్యాలు కాబట్టి వాటిని కూడి ఒకే అంకెగా చూడొద్దని యూనివర్సిటీ విభాగాలకు ఈటీఎస్సే చెబుతుంది. 170 క్వాంట్, 150 వెర్బల్ కలిసినా 320. 155 క్వాంట్, 165 వెర్బల్ కలిసినా 320. గణాంకశాస్త్ర విభాగంలో ఈ రెండు దరఖాస్తులనూ ఒకేలా చూస్తారని ఎవరైనా నమ్ముతారా?

ఇక కలిపి పంపడం. ఒక తేదీ స్కోరు మొత్తంగానే వెళ్తుంది. క్వాంట్ ఒక తేదీది, వెర్బల్ ఇంకో తేదీది అంటే కుదరదు. ఈ అపోహ ఇంగ్లిష్ భాషా పరీక్ష టోఫెల్ నుంచి వచ్చిందనుకుంటాను. 2019 ఆగస్టు నుంచి టోఫెల్ రిపోర్టుల్లో ‘మైబెస్ట్’ పేరుతో ఒక్కో విభాగంలో ఉత్తమ స్కోరు విడిగా కనిపిస్తోంది. జీఆర్‌ఈలో అలాంటిది లేదు. అయితే రెండు తేదీలూ పంపితే ప్రతి విభాగంలో మెరుగైనదే చూస్తామని కొన్ని ప్రోగ్రాములు తమ ప్రవేశ నిబంధనల్లో రాస్తాయి. మొదటిసారి క్వాంట్ 168, వెర్బల్ 150, రెండోసారి 164, 159 వచ్చాయనుకోండి. అలా రాసిన చోటికి రెండూ పంపడం లాభమే. ఏమీ రాయని చోట, లెక్కలే ప్రాణమైన కోర్సుకైతే నేను మొదటిదే పంపుతాను, మొత్తం తక్కువైనా సరే. రాత ఎక్కువుండే కోర్సుకైతే రెండోది. పరీక్షలో మూడో భాగమైన విశ్లేషణాత్మక రాత (వ్యాసం) స్కోరు రెండింటిలో తేడాగా ఉంటే దాన్నీ చూడాలి. చాలామంది దాన్ని మర్చిపోతారు.

చివరిది, పంపకపోతే అనుమానిస్తారన్న మాట. తప్పనిసరి, ఐచ్ఛికం, అసలు చూడం అని మూడు రకాల ప్రోగ్రాములున్నాయి. మూడో రకానికి పంపితే డబ్బు దండగ. ఐచ్ఛికమన్న చోట, గత బ్యాచ్ సగటును వాళ్లు ప్రకటించి ఉంటే మీ స్కోరును దాని పక్కన పెట్టి చూడండి. దానికంటే బాగా తక్కువైతే పంపకండి. డిగ్రీలో లెక్కల మార్కులు బలహీనంగా ఉండి క్వాంట్ బాగా వచ్చినవాళ్లు మాత్రం తప్పక పంపాలి. ఆ లోటును పూడ్చే రుజువు వాళ్ల దరఖాస్తులో ఇంకెక్కడా ఉండకపోవచ్చు.