బుగ్గ వాచిన పౌరుల పక్షాన

విశాఖ నగరంలో అన్ని వర్గాలకూ ఏదో ఒక సంఘం ఉంది. ఆటోవాళ్లకుంది, అపార్ట్‌మెంట్ల వాళ్లకుంది, పొద్దున్నే బీచ్ రోడ్డులో చేతులూపుకుంటూ నడిచేవాళ్లకూ ఉంది. జ్ఞానదంతం తీయించుకుని, ఓ పక్క బుగ్గ ఉబ్బి, నోట్లోకి చెంచా కూడా సరిగ్గా పోక ఇంట్లో కూర్చున్నవాళ్లకు మాత్రం ఏదీ లేదు. నోరు తెరిచి అడగలేని వర్గం కాబట్టి వాళ్ల గోడు ఎవరికీ పట్టలేదు. అందుకని వాళ్ల తరఫున ఈ నాలుగు ముక్కలూ నేను రాస్తున్నాను.

ముందుగా వీరి కష్టానికి ఊరే కారణమని గుర్తించాలి. ఇక్కడి సరదాలన్నీ దవడ మీద ఆధారపడినవే. ఆర్కే బీచ్‌కి వెళ్తే మురీ మిక్చర్ తినకుండా రావడం అప్రతిష్ఠ. ఆ బండి దగ్గర కాసేపు నిలబడి చూడండి. స్టీలు గిన్నెలో మరమరాలు, వేయించిన వేరుశనగ గుళ్లు, ఉల్లిపాయ ముక్కలు, టమాటా, పచ్చిమిరప, ఉప్పు, కారం వేసి, నిమ్మచెక్క పిండి, గరిటెతో టకటకా కలిపి కాగితం పొట్లంలో పోసి ఇస్తాడు. పన్ను తీసిన చోటికి హాని చెయ్యనిది అందులో ఆ కాగితం ఒక్కటే. పక్క బండి మీద మిరపకాయ బజ్జీ, దాని పక్కన నిప్పుల మీద కాలుతున్న మొక్కజొన్న పొత్తు. మర్నాటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించమని డాక్టరు చెప్పిన మాట నిజమేగానీ, ఎదురుగా కనిపించే ఉప్పునీళ్లు ఆయన ఉద్దేశంలో లేవు.

డాక్టరిచ్చే కాగితంలో మాత్రం వంక పెట్టడానికేం లేదు. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకడుతుంది. కింద ఉన్న ఎముకకూ నరాలకూ ఆ గడ్డే రక్షణ. అది ఊడిపోతే ఎముక బయటపడి, చెవిదాకా పాకే నొప్పి మొదలవుతుంది. దాన్నే డ్రై సాకెట్ అంటారు. అందుకని ఉమ్మకూడదు, స్ట్రాతో పీల్చకూడదు, సిగరెట్టు ముట్టుకోకూడదు, మొదటి రోజు వేడివేడిగా ఏదీ తాగకూడదు. రోడ్డు మీద ఉమ్మడం జన్మహక్కు అనుకునే మనకు మొదటి నిబంధనే మింగుడుపడదు. ఇక స్ట్రా సంగతి. బొండాల బండి దగ్గరికి వెళ్లి “స్ట్రా వద్దు, గ్లాసులో పొయ్యి” అంటే, అతను మనల్ని ఎగాదిగా చూసి, అప్పటికే బొండాంలో గుచ్చిన స్ట్రాని పైకి లాగుతాడు. లోపలి లేత కొబ్బరి గీకి ఇమ్మన్నాకే మన మీద మళ్లీ కాస్త నమ్మకం కుదురుతుంది.

అయితే డాక్టరుగారి అధికారం క్లినిక్ గుమ్మం వరకే. ఇంట్లో వేరే ప్రభుత్వం నడుస్తూ ఉంటుంది.

మా మేనల్లుడి విషయమే తీసుకోండి. జ్ఞానదంతాలు మామూలుగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తాయి. వాడికీ ఆ వయసులోనే వచ్చింది, కాకపోతే నిలబడాల్సింది అడ్డంగా పడుకుంది. తీయించారు. ఆ సాయంత్రం మా అక్క పెసరపప్పు, ఆనపకాయ ముక్కలు, గుప్పెడు బియ్యం కలిపి మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో మెదిపి, చల్లార్చి గిన్నెలో తెచ్చింది. వైద్యశాస్త్రం చదివినవాళ్లు చూసినా మెచ్చుకునే భోజనం. వాళ్ల అత్తగారు వరండాలోంచే వాసన పట్టేశారు.

“పప్పెడతన్నావేటే? పుండుకి చీము పట్టేస్తాది!”

గిన్నె వంటింట్లోకి వెనక్కి వెళ్లిపోయింది. తరవాత పత్యం తాలూకు మిగతా నిబంధనలు ఒక్కొక్కటే వెలువడ్డాయి. గుడ్డు వేడి చేస్తుంది. పెరుగు జలుబు చేస్తుంది. చేప నీచు, పుండు మాననివ్వదు. అరటిపండు కఫం. వంకాయ సంగతి ఎవరూ అడగలేదు, అయినా అదీ నిషేధంలోకి వెళ్లింది. డాక్టరు వద్దన్నవి, అత్తగారు వద్దన్నవి కలిపి కొట్టేస్తే మిగిలేవి తెల్లన్నం, చారు, పాలలో ముంచిన బ్రెడ్డు. చారులో మిరియాలున్నాయి కాబట్టి అదీ పోయింది.

నేను కల్పించుకున్నాను. “అత్తయ్యగారూ, చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుందండీ, పప్పు వల్ల కాదు” అన్నాను.

“నీకేటి తెల్సు నాయినా! మీ మావయ్యగారికి కాలు తెగినప్పుడు ఎవరో పప్పెట్టేసేరు. ఏటయిందో ఆయన్నే అడుగు.”

ఆయన అక్కడే పేపరు చదువుకుంటున్నారు. అడిగాను. “ఏమీ అవలేదే” అన్నారు.

“ఆయనకేటీ గుర్తుండదు” అని ఆవిడ విచారణ ముగించారు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పక తప్పదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకి రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. గాయం మానాలంటే కొత్త కండ పుట్టాలి, దానికి ముడిసరుకు ఇదే. బ్రెడ్డు ముక్కలో ఉండేది రెండు మూడు గ్రాములు. ఆ లెక్కన బ్రెడ్డుతోనే నెట్టుకురావాలంటే రోజుకు 20 ముక్కలు తినాలి. అదే ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటాయి, 50 గ్రాముల పెసరపప్పులో 12 దాకా ఉంటాయి. అంటే పత్యం పేరిట మనం ఇంట్లోంచి గెంటేసిన జాబితా, రోగికి కావలసిన జాబితా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఇంత కచ్చితంగా ఎలా కుదిరిందన్నది పరిశోధించదగ్గ విషయం.

పత్యానికి ఒక్క మినహాయింపు ఉంది. ఐస్‌క్రీమ్. పెరుగు తింటే పట్టే జలుబు ఐస్‌క్రీమ్‌కి పట్టదని తెలుగునాట ఏకాభిప్రాయం. అత్తగారే ఫ్రిజ్‌లోంచి తీసిచ్చారు. చల్లదనం వల్ల ఆ పూటకి హాయిగా ఉంటుంది, కాదనను. కానీ పొద్దున ఐస్‌క్రీమ్, మధ్యాహ్నం పాలూ బ్రెడ్డూ పంచదారా, రాత్రి మళ్లీ ఐస్‌క్రీమ్ అయితే కడుపులోకి వెళ్లేదంతా చక్కెరే. పైగా ఆ పక్కన సరిగ్గా బ్రష్ చెయ్యడానికీ వీలుండదు. ఒక పన్ను తీయించుకున్న సంబరంలో పక్క పంటికి పునాది తవ్వుతున్నామన్నమాట. ఇదే తర్కంతో ఒక మిత్రుడు బీరు కూడా మెత్తటి పదార్థమేనని వాదించాడు. చీటీలో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాసి ఉంటే మద్యం ముట్టకూడదని చెప్పాను. ఆ పేరు పలకడం కష్టంగా ఉంది కాబట్టి అది తనకు వర్తించదన్నాడు.

పరామర్శకు వచ్చేవాళ్ల గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. ఆపిల్స్ తెస్తారు. పన్ను తీయించుకున్నవాడికి ఆపిల్స్! “మా అత్తారి ఊరిది” అంటూ ఒకరు మాడుగుల హల్వా తెచ్చారు. అది మెత్తనే, అందులో జీడిపప్పు తగిలేదాకా. ఆపిల్ కోసి పళ్లెంలో పెడితే తెచ్చినవాళ్లే కరకరా నమిలి, చివర్లో రోగి వైపు తిరిగి “నువ్వేం తినట్లేదేం, నీరసపడిపోతావు” అని బాధపడతారు.

నిజానికి ఈ సమస్యకు సమాధానం మన ఉత్తరాంధ్రలో ఎప్పటినుంచో ఉంది. చోడి అంబలి, అంటే రాగి జావ. 100 గ్రాముల చోళ్లలో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. చోడిపిండిని చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, మరిగే నీళ్లలో పోస్తూ గరిటె ఆపకుండా తిప్పాలి. చిక్కబడి, పచ్చివాసన పోయి, గరిటె వెనక పల్చటి పొరలా అంటుకున్నాక దించాలి. పూర్తిగా చల్లారాక మజ్జిగ, చిటికెడు ఉప్పు. ఉల్లిపాయ, మిరపకాయ నంజుకోవడం మాత్రం బుగ్గ తగ్గేదాకా వాయిదా. పొలానికి వెళ్లేవాళ్లు తాగినంత కాలం ఇది పేదవాళ్ల తిండి. చుట్టాలొస్తే గిన్నె పక్కకు జరిపేవాళ్లు. ఇప్పుడు డబ్బాలో పోసి, యాలకుల పొడీ పంచదారా దట్టించి, రాగి మాల్ట్ అని పేరు పెట్టాక అదే చుట్టాలకు కప్పుల్లో ఇస్తున్నాం. మేనల్లుడికి అంబలి ఇస్తామంటే అత్తగారు అభ్యంతరం చెప్పలేదు. ఎవరికీ చెప్పకండి అన్నారు, అంతే.

అంబలి ఒక్కటే అని కూడా కాదు. గిలక్కొట్టి మెత్తగా వండిన గుడ్డు, మెదిపిన పాలకూర పప్పు, ఉడికించిన తియ్యగుమ్మడి, బాగా మగ్గిన బొప్పాయి, గింజలు తీసిన సపోటా, వేసవిలో అయితే ముంజెలు. చేప కావాలంటే చందువ మేలు, మెత్తగా విడుస్తుంది. ముళ్లు తీసే బాధ్యత వేరేవాళ్లు తీసుకోవాలి. కారం లేకుండా పులుసు పెట్టే మనిషిని ఈ ఊళ్లో వెతకడం వేరే కథ. ఇడ్లీ మంచిదే, కారప్పొడి లేకుండా తినగలిగిన మహానుభావులకు. ఉప్మాని మాత్రం నమ్మకండి. చూడ్డానికి మెత్తగా, అమాయకంగా ఉంటుందిగానీ, అందులోని రవ్వ పలుకు తిన్నగా వెళ్లి ఆ గుంటలోనే కూర్చుంటుంది. నువ్వులు, జామగింజలదీ అదే బుద్ధి.

కాబట్టి ప్రభుత్వాన్ని కోరేదేమంటే: బీచ్‌లో ప్రతి పది మిక్చర్ బళ్లకూ ఒక అంబలి బండి పెట్టించాలి, స్ట్రాలు లేకుండా. పెళ్లి భోజనాల్లో బుగ్గ వాచినవాళ్లకు వేరే పంక్తి వెయ్యాలి. “ఒక్క బూరె నాన్నా, నమలక్కర్లేదు, అలా మింగేయ్” అంటూ విస్తట్లో పడేసే పెద్దవాళ్లను ఆ పంక్తి దరిదాపులకు రానివ్వకూడదు. ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్లకు ఆపిల్స్ తెచ్చేవాళ్లు, అసలు ఏ భాగానికి ఆపరేషన్ జరిగిందో ముందుగా ఫోన్ చేసి కనుక్కోవాలి.

పప్పుకూ చీముకూ ఉన్న సంబంధం గురించి తేల్చడానికి మా వీధిలో ఇప్పటికే ఒక కమిటీ వేసుకున్నాం. అధ్యక్షురాలు అత్తగారే, ఇంకెవరూ ఆ పదవికి పోటీ పడలేదు. మావయ్యగారిని సాక్షిగా పిలవాలన్న నా ప్రతిపాదన వీగిపోయింది. మొదటి సమావేశం వచ్చే ఆదివారం సాయంత్రం వాళ్ల డాబా మీద. మేనల్లుణ్ణి కూడా రమ్మన్నారు. జంతికలు, వేడి కాఫీ ఏర్పాటు చేశారు.