డిక్కీ ఊఫర్‌కే చెందాలి

డిక్కీలో సామాను పెట్టే దురలవాటు మన కుటుంబాలను ఇంకా వదల్లేదు. 2018లో వచ్చిన స్విఫ్ట్‌నే తీసుకోండి, డిక్కీ 268 లీటర్లు. అంత జాగాను అత్తగారిచ్చిన బియ్యం బస్తాకు, ఆవకాయ జాడీకి ధారపోయడం సంగీతద్రోహం కాదా?

ఊఫర్ అంటే బేస్ మోగించే పెద్ద స్పీకర్. దాని బాక్సు ఎంతుండాలన్నది అట్టపెట్టెలో వచ్చే కాగితం మీద కంపెనీవాడు రాసే ఉంటాడు. 12 అంగుళాల ఊఫర్‌కు మామూలుగా అన్ని వైపులా మూసేసిన సీల్డ్ బాక్సయితే ఘనపుటడుగు, లేదా కాస్త పైన. అంటే ముప్పై లీటర్ల చిల్లర. గాలి ఆడే గొట్టం, అంటే పోర్ట్, ఉన్నదయితే దానికి దాదాపు రెట్టింపు. ఆ కాగితం అట్టపెట్టెతో పాటే చెత్తలోకి పోతుంది. పోనివ్వండి. మేస్త్రీ డిక్కీలోకి తల దూర్చి "పట్టినంత పెట్టేద్దాం సార్" అన్నాక ఇంకా లెక్కలేంటి?

లెక్కలవాళ్లకు చాదస్తం ఎక్కువ. బాక్సు మరీ చిన్నదైతే లోపలి గాలి బిగుసుకుని కోన్‌ను, అంటే ఊఫర్ ముందు ఊగే గిన్నెను, కదలనివ్వదట, అడుగు బేస్ పోయి ఒకే మోత మిగులుతుందట. మరీ పెద్దదైతే పట్టు తప్పిన కోన్ హద్దు మీరి ఊగుతుందట. పోర్ట్ బాక్సులో, పోర్ట్‌ను ఏ స్వరానికి కుదిర్చారో ఆ ఫ్రీక్వెన్సీకి కిందయితే కోన్‌ను ఆపేవాడే ఉండడు, దాన్ని కదిలించే తీగచుట్టకు, అదే కాయిల్‌కు, చేటొస్తుంది. రావాలి మరి! ఊఫర్లన్నీ పదేళ్లు మన్నితే షాపువాడు ఏం తిని బతకాలి?

కొలతల్లోనూ మనది ఉదార స్వభావం. అన్ని వైపులా నలభై సెంటీమీటర్లుండే పెట్టె చేయించి, టేపు బయట పెట్టి, 64 లీటర్లని సంబరపడతాం. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్కే అందులో పదహారు లీటర్లు మింగింది. మిగిలిన 48లో ఊఫర్ అయస్కాంతం, పోర్టు గొట్టం తమ వాటా తీసుకుంటాయి. అయినా సరే, చుట్టాలకు 64 అనే చెప్పాలి. లోపల కొలిచి చూసే చుట్టం ఇంకా పుట్టలేదు.

ఇక చట్టం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్. మన కారు సందులోకి వచ్చేసరికి పాట ఎవరికీ వినపడదు, నంబర్ ప్లేటు గడగడ మాత్రం మూడో అంతస్తు దాకా వెళ్తుంది. ప్లేటు వెనక రెండు రబ్బరు వాషర్లు వేస్తే ఆ గోల చాలావరకు తగ్గుతుంది. కానీ కారొచ్చిందని వీధికి ఎలా తెలుస్తుంది?